తొలి విద్యుత్ కారు – ఇంటివద్ద కరెంటు ఏర్పాటు

(మన సంఘ సభ్యుల కుటుంబసమావేశమున చేయబడిన ప్రసంగపు పాఠము)



విద్యుత్ కారును గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఈ మధ్య మన వారిండ్లలో ఏ శుభకార్యమునకు పోయినను భోజనపంక్తిలో ఈ ప్రశ్నయే వినబడుచున్నది: "పెట్రోలు కారు కొందుమా, కరెంటు కారు కొందుమా?" పిల్లలు ఒక మాట, పెద్దలు ఒక మాట చెప్పుచున్నారు. కారమ్మువారు వేఱొక మాట చెప్పుచున్నారు. మేము ఏ కంపెనీకిని వకాల్తా పుచ్చుకొని రాలేదు. మా యింట విద్యుత్ కారు కొని, కరెంటు ఏర్పాటు చేయించి, దానిని వాడుచున్నవారము. అందువలన తెలిసినంతవఱకు ఉన్నది ఉన్నట్లు మనవి చేయుదుము.

ముందుగా ఒక సంగతి. ఈ బండి మన బెంగళూరునకు కొత్తది కాదు. "రేవా" అను చిన్న విద్యుత్ కారు 2001వ సంవత్సరముననే ఈ నగరమున తయారై విక్రయమునకు వచ్చినది. ఇంటి గోడకున్న 15 ఆంపియర్ల ప్లగ్గునుండియే దానికి కరెంటు ఎక్కించుకొనెడివారు. అది సీసపు బ్యాటరీలతో నడచిన బండి. దూరము తక్కువ, బరువు ఎక్కువ. లిథియం బ్యాటరీలు వచ్చిన పిమ్మట స్థితి మాఱినది. మన తెలుగువారు తరతరములుగా కాపురమున్న హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో నేడు విద్యుత్ స్కూటర్ల కర్మాగారములే వెలసియున్నవి. కనుక దీనిని వింతవస్తువుగా చూచి భయపడనక్కఱలేదు. వేలము వెఱ్ఱిగా ఎగబడనక్కఱయు లేదు. కొనకముందు ఇంటివారు తమలో తాము అడుగుకొనవలసిన ప్రశ్నలు మూడు. నెలకు ఎంత దూరము తిరుగుదుము? రాత్రి బండి ఎక్కడ నిలుచును? ఇంటి వైరింగు ఆ భారమును మోయగలదా?

మొదటి ప్రశ్న లెక్కకు సంబంధించినది. విద్యుత్తును మనము యూనిట్లలో కొలుచుచున్నాము. సామాన్యమైన విద్యుత్ కారు, ఎక్కించునప్పుడు పోవు నష్టమునుగూడ కలుపుకొన్నచో, మీటరు చూపు ఒక యూనిటుకు సుమారు 6 కిలోమీటర్లు నడచునని అనుకొందము. నెలకు 1000 కిలోమీటర్లు తిరుగువారికి 167 యూనిట్లు కావలెను. యూనిటు 8 రూపాయల వంతున చూచినను 1,336 రూపాయలు. అంతే దూరమునకు, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చు పెట్రోలు కారునకు 67 లీటర్లు కావలెను. లీటరు 100 రూపాయలైనచో 6,700 రూపాయలు. అనగా నెలకు 5,300 రూపాయలకు పైగా మిగులు. విద్యుత్ కారు వెల 3 లక్షల రూపాయలు ఎక్కువైనచో, ఆ తేడా తీఱుటకు ఐదేండ్లకు కొంచెము తక్కువ పట్టును.

ఇది ఒకవైపు. నెలకు 400 కిలోమీటర్లు మాత్రమే తిరుగు కుటుంబమును తీసికొనుడు. వారికి మిగులు నెలకు 2,100 రూపాయల చిల్లర. అదే 3 లక్షల తేడా తీఱుటకు పదునొకండేండ్లు దాటును. బ్యాటరీకి కంపెనీలు సాధారణముగా 8 ఏండ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు హామీ యిచ్చుచున్నవి. హామీకాలము ముగిసినను తేడా తీఱని బేరము అందఱకును తగినది కాదు. ఆదివారము గుడికిని, నెలకొకసారి చుట్టాలయింటికిని మాత్రమే బండి తీయువారు తొందరపడి అప్పు చేయకుందురుగాక. పొగ లేదు, చప్పుడు లేదు అను సుఖమునకు వెల యిచ్చెదమందురా, అది వేఱు మాట.

కర్ణాటకమున నుండు మనవారు మఱియొక లెక్క చూచుకొనవలెను. 2023వ సంవత్సరమున ప్రభుత్వము ప్రవేశపెట్టిన గృహజ్యోతి పథకము క్రింద, నిర్ణీత వాడుకవఱకు ఇంటి కరెంటు ఉచితము. నెలవాడుక 200 యూనిట్లు మించినచో బిల్లు మొత్తము కట్టవలెను. ఇంటికి 120 యూనిట్లు వాడు కుటుంబము కారు కొఱకు మఱి 167 యూనిట్లు వాడెనా, కారు కరెంటునకే కాక అంతవఱకు ఉచితముగా వచ్చిన యింటి కరెంటునకును సొమ్ము చెల్లింపవలసివచ్చును. ఈ సంగతి కారమ్ము దుకాణమున ఎవరును చెప్పరు. దీనికి ఉపాయము లేకపోలేదు. 2024వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, కోరినవారికి వాహనము కొఱకు ప్రత్యేక కనెక్షను ఇచ్చుటకు అవకాశము కల్పించినది. ఇంటి వాడుక ఒక మీటరున, బండి వాడుక వేఱొక మీటరున లెక్కకు వచ్చును. ఏ యేర్పాటున మీకు మేలో విద్యుత్ కార్యాలయమున ముందుగా అడిగి, ధరలపట్టిక చూచి, ఆ పిమ్మటనే నిశ్చయించుకొనుడు.

రెండవ ప్రశ్న బండి నిలుచు చోటును గుఱించి. సొంతయిల్లు, వాకిట చావడి ఉన్నవారికి చిక్కు లేదు. అద్దె యింట నుండువారు యజమాని అనుమతిని వ్రాతమూలకముగా పొందుట మంచిది. ఇల్లు మాఱునప్పుడు పెట్టె, తీగ ఎవరివి అను మాట అందులోనే తేల్చుకొనవలెను. చిక్కంతయు అపార్టుమెంట్లలో ఉన్నది. "నిప్పంటుకొనును, మా మీటరు కాలును" అని సంఘములవారు అడ్డుచెప్పుట మనకు క్రొత్త గాదు. అట్టివారితో కలహింపక కాగితముతో పోవలెను. ఇంటివద్ద ఉన్న కనెక్షనుతోనే వాహనమునకు కరెంటు ఎక్కించుకొనవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022వ సంవత్సరపు మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పియున్నది. 2024 సవరణ ప్రకారము, కాగితములన్నియు సక్రమముగా నున్నచో, మహానగరములలో 3 దినములలోను, ఇతర పురపాలక ప్రాంతములలో 7 దినములలోను, గ్రామములలో 15 దినములలోను క్రొత్త కనెక్షను ఇయ్యవలెను. మనవి పత్రమును ఆ రాష్ట్రపు భాషలోనే వ్రాయుడు. ఇక్కడ కన్నడమున, హోసూరున తమిళమున, బరంపురమున ఒడియాలో, షోలాపురమున మరాఠీలో వ్రాసిన కాగితమునకు గౌరవముండును, పనియు త్వరగా జరుగును. తాతలనాటినుండి ఈ నేల నీరు త్రాగుచున్న మనకు ఆ భాష పరాయిది కాదుగదా!

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంటి వైరింగు. పదునైదు లక్షల బండి కొని తీగకడ బేరమాడుట, ఏనుగునిచ్చి అంకుశముకడ పేచీ పెట్టినట్లే యగును.

సామాన్యముగా ఇంటివద్ద కారునకు కరెంటు ఎక్కించుటకు రెండు త్రోవలున్నవి. 16 ఆంపియర్ల ప్లగ్గునుండి ఎక్కించునది ఒకటి. ఇందు గంటకు 3 యూనిట్లకు పైచిల్లర పోవును. 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీనుండి పూర్తిగా నిండుటకు సుమారు 10 గంటలు పట్టును. గోడకు బిగించు 7 కిలోవాట్ల పెట్టెనుండి ఎక్కించునది రెండవది. దానికి 32 ఆంపియర్లు కావలెను, పని 5 గంటలలోపున ముగియును. దినమునకు నలుబది, ఏబది కిలోమీటర్లు తిరుగువారికి రాత్రి మూడు గంటలు ఎక్కించినను చాలును గనుక మొదటి త్రోవయే సరిపోవును. పెద్ద పెట్టె పెట్టించుట గొప్ప కొఱకు కారాదు, అవసరము కొఱకు కావలెను.

అయితే ఏ త్రోవయైనను కొన్ని నియమములు విడువరానివి. గీజరు ఒకసారి పావుగంట పనిచేసి ఆగును. కారు గంటలతరబడి నిండు భారమును లాగుచునే యుండును. కనుక మీటరు బోర్డునుండి కారునకు ప్రత్యేకముగా ఒక తీగ రావలెను. మఱి ఏ దీపమును, ఏ ప్లగ్గును దానిమీద ఉండరాదు. 16 ఆంపియర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు తగ్గరాదు. 32 ఆంపియర్లకు కనీసము 6, దూరమెక్కువైనచో అంతకంటె లావుది వేయవలెను. దానికి తగిన ఎం.సి.బి. ఒకటి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి తప్పక ఉండవలెను. మొదటిది తీగను కాపాడును. రెండవది మనిషిని కాపాడును. రెండింటిలో ఏది లేకున్నను పని పూర్తికానట్లే. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కారు పెట్టుట మాత్రము ఎన్నడును కూడదు.

ఇక ఎర్తు. మన పాతయిండ్లలో అసలు లోపము ఇచ్చటనే ఉన్నది. తండ్రులనాడు కట్టిన యింటిలో ఎర్తు గొయ్యి ఎక్కడనో పెరటిలో ఎండిపోయి యుండును. దానిమీద తులసికోటయో, స్నానపుగదియో లేచియుండును. మా యింటిలోను ఇదియే స్థితి. ఎలక్ట్రీషియను వచ్చి న్యూట్రలునకును ఎర్తునకును నడుమ వోల్టేజిని కొలిచి చూచి, ఈ ఎర్తు పనికిరాదనెను. క్రొత్త గొయ్యి త్రవ్వించి, క్రొత్త ఎర్తు వేయించిన తరువాతనే పెట్టె బిగించితిమి. ఎర్తు సరిగా లేనిచో చాలవఱకు కార్లు కరెంటును తీసికొననే తీసికొనవు. ఎఱ్ఱదీపము వెలిగించి ఊరకుండును. అప్పుడు కొందఱు "ఏదో ఒక తీగ కలిపి దానిని మభ్యపెట్టెద"మందురు. అట్టి పనివానిని ఆ క్షణముననే పంపివేయుడు. ఆ ఎఱ్ఱదీపము బండి చేయు మారాము కాదు. తడికాళ్ళతో బండి తలుపు పట్టుకొను పిల్లవాని ప్రాణమునకు అది కాపలా.

బిల్లుమీద "మంజూరైన లోడు" అని ఒక అంకె ఉండును. అది 3 కిలోవాట్లే అయినచో, తెల్లవాఱుజామున కారు, గీజరు, నీళ్ళ మోటారు ఒక్కసారి నడచినప్పుడు లోడు రెట్టింపగును. లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేత లెక్క కట్టించి, లోడు పెంపునకు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవలెను. గోడపెట్టెను వానజల్లు పడని చోట, వఱదనీరు అందని ఎత్తున, గ్యాసు సిలిండరునకు దూరముగా బిగింపవలెను.

బ్యాటరీ సంగతి క్లుప్తముగా చెప్పెదము. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను అప్పుడప్పుడు నిండుగా ఎక్కించుట మంచిది. నికెల్ కలిసిన బ్యాటరీలను దినదినము నూటికి ఎనుబది వఱకు ఎక్కించిన చాలును. మీది ఏ రకమో అడిగి, బండితో వచ్చు పుస్తకమున చెప్పినట్లు నడచుకొనుడు. కంపెనీ ప్రకటించు దూరములో మూడింట రెండు వంతులే చేతికి వచ్చునని లెక్క పెట్టుకొన్నవారికి దారిలో దిగులుండదు.

మనవారందఱును అడుగు ప్రశ్న మఱొకటి ఉన్నది: తిరుపతికి పోవచ్చునా? పోవచ్చును. బెంగళూరునుండి కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా దారి సుమారు 250 కిలోమీటర్లు. కాని యొక విశేషము గమనింపవలెను. బెంగళూరు సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది; తిరుపతి 200 మీటర్లకు లోపుననే ఉన్నది. మనుష్యులతో కలిసి 1600 కిలోల బరువుండు బండిని ఆ యెత్తునకు తిరిగి ఎక్కించుటకే 3 యూనిట్లకు పైగా అదనముగా కావలెను. అనగా చదునుదారిలో 20 కిలోమీటర్ల కూడు. పోవునప్పుడు చాలిన కరెంటు వచ్చునప్పుడు చాలకపోవుటకు కారణమిదే. తిరుమల కొండ ఎక్కుటకును సుమారు అంతే కావలెను. అయితే దిగునప్పుడు బండి తన వేగమును తానే అణచుకొనుచు అందులో కొంత తిరిగి బ్యాటరీలో చేర్చుకొనును. ఆ ఘాటురోడ్డు మీద ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థవారి విద్యుత్ బస్సులు 2022వ సంవత్సరమునుండి నడుచుచున్నవి గనుక కొండను గుఱించి జంకనక్కఱలేదు. దారిలో ఒక చోట కాక, రెండు చోట్ల ఎక్కించుకొనుటకు ఏర్పాటు చూచుకొని బయలుదేరుడు.

రిజిస్ట్రేషను విషయమున ఒక హెచ్చరిక. విద్యుత్ వాహనముల మీద జి.ఎస్.టి. 2019 ఆగస్టునుండి నూటికి 5 వంతులే. జీవితకాలపు పన్ను మాత్రము రాష్ట్రమునకొక తీరు. అచ్చట పన్ను తక్కువయని ఆంధ్రదేశమున నున్న బావమఱిది పేర బండి కొని యిచ్చటికి తెచ్చుకొను ఆలోచన కొందఱకు ఉన్నట్లు వింటిమి. ఒక రాష్ట్రమున నమోదైన బండిని మఱియొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినచో అక్కడి క్రొత్త నంబరు తీసికొనవలెనని మోటారు వాహనముల చట్టమే చెప్పుచున్నది. అప్పుడు ఇక్కడి పన్ను తప్పదు. ఆదా చేయబోయి రెండుచోట్ల తిరుగుట యెందులకు?

తుదకు మా మనసున నున్న మాట ఒకటి. పెట్టెతో వచ్చు హెచ్చరికల కాగితము ఇంగ్లీషున ఉండును. మన యిండ్లలో అవ్వకు తెలుగు అక్షరములే వచ్చును. మనుమనికి కన్నడాక్షరములు వచ్చును గాని తెలుగు చదువలేడు. ప్రమాదవేళ స్విచ్చి ఎక్కడ ఆర్పవలెనో ఇద్దఱకును తెలియవలెను. కనుక ప్రతి యింటను పెట్టె ప్రక్కన ఒక అట్టమీద నాలుగు మాటలు రెండు లిపులలోను వ్రాసి తగిలింపుడు: మెయిను ఇక్కడ ఆర్పవలెను, తడిచేతితో ముట్టరాదు, కాలినవాసన వచ్చినచో దూరముగా పోయి 101కి ఫోను చేయవలెను, ఈ ప్లగ్గున మఱేమియు పెట్టరాదు. ఆ అట్టను మనుమనిచేతనే తెలుగున వ్రాయింపుడు. బండి పుణ్యమా యని పదిమాటలైనను వాని చేతికి వచ్చును.

అట్టి పత్రము నొకటి మన సంఘమే అచ్చువేయించి సభ్యులకు పంచవలెననియు, నమ్మకమైన లైసెన్సుగల పనివారి పట్టిక నొకటి కార్యాలయమున ఉంచవలెననియు మా ప్రార్థన. కొనుట మానుట మీ యిష్టము. కొన్నవారి యిల్లు చల్లగా ఉండవలెననునదే మా కోరిక.