లోట్ లోయలో సైకిలు యాత్ర
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేడు నేను ఒక దూరదేశపు లోయను గూర్చి మనవి చేయదలచితిని. ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున లోట్ అను నది కలదు. అది సుమారు 480 కిలోమీటర్లు ప్రవహించి గరోన్ నదిలో కలియును. కావోర్ పట్టణమునకు ఎగువన ఆ నది సున్నపురాతి కొండలను కోసికొనుచు పాము వలె మెలికలు తిరుగును. అచట నీటికి దాదాపు 100 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు కొండచరియ అంచున, సాన్ సీర్ లపోపీ అను మధ్యయుగపు గ్రామము నిలిచియున్నది. గండికోటలో నిలువబడి పెన్నానదిని క్రిందికి చూచినవారు ఈ ఊరి నెలవును సులభముగా ఊహించుకొనగలరు.

ఆ గ్రామమున నివసించువారు సుమారు 200 మంది. ఏటేట వచ్చు సందర్శకులు లక్షల సంఖ్యలో ఉందురు. 2012లో ఫ్రెంచి ప్రజలు దానిని తమకు మిక్కిలి ప్రియమైన గ్రామముగా ఎన్నుకొనిరి. ఇన్నూరు మందికిని, లక్షల మందికిని నడుమ ఒక ఊరు తన బ్రతుకును ఎట్లు కాపాడుకొనవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు సైకిలుపై వచ్చు యాత్రికుడు కొంత సమాధానము చెప్పుచున్నాడు. అందుకే అతనిని గూర్చి మాట్లాడుచున్నాను.

ముందుగా ఊరి సంగతి. అచటి కోటను 1471లో పదునొకండవ లూయీ రాజు కూల్చివేయింపగా, మిగిలినదానిని 1580లో నవార్ రాజు హెన్రీ పడగొట్టించెను. ఇండ్లు మాత్రము మిగిలినవి. వాటి పైకప్పులు మిక్కిలి వాలుగా, గోధుమవన్నె పెంకులతో ఉండును. వీథుల పేర్లలో వృత్తులు ఇంకను వినవచ్చును; ఒకటి రాగిపాత్రలు చేయువారిది, మరొకటి తోళ్ల పనివారిది. పీపాలకు చెక్క కుళాయిలు తరిణె పట్టువారు అచట పెక్కుమంది ఉండిరి. ఆ పనులు పోయినవి, జనము తరలిపోయెను. ఆంద్రే బ్రెతోన్ అను కవి 1950లో ఆ ఊరిని చూచి మోహించి, మరుసటి ఏడు అచటనే ఇల్లు కొనెను. క్రమముగా ఊరికి పేరు వచ్చెను, పేరుతోపాటు కార్లు వచ్చినవి.

ఇక సైకిలు ప్రయాణము. ఆ ప్రాంతమున నేల రెండు అంతస్తులుగా ఉండును. క్రింద నదీలోయ; పైన కోస్ అని పిలువబడు సున్నపురాతి పీఠభూమి. లోయలో దారి నది వెంట సాగును, ఆయాసము తక్కువ. ఒక లోయనుండి మరొక లోయకు పోవలెనన్న కోస్ మీదికి ఎక్కక తప్పదు. ఆ ఎక్కుడు సుమారు 200 మీటర్లు. అదియంతయు నాలుగైదు కిలోమీటర్లలో ఎక్కవలెను.

మనమెరిగిన సాధారణ సైకిలుతో ఈ పని జరుగదు. ముందు పళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుకదానికి 18 పళ్లు ఉన్నచో, పెడలు ఒక చుట్టు తిరుగగానే బండి అయిదు మీటర్లకు పైగా ముందుకు పోవును. చదునైన దారిలో అది లాభమే గాని ఎక్కుడులో మోకాళ్లు మొరాయించును. యాత్రా సైకిలుకు ముందు 28, వెనుక 32 పళ్ల గేరు పెట్టినచో ఒక చుట్టుకు బండి రెండు మీటర్లు కూడ కదలదు. వేగము నడకకంటె కొంచెమే హెచ్చు. అయినను సామాను మోసికొనుచు దిగకుండ కొండ ఎక్కవచ్చును. ఈ గేర్ల వాడుకను ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు పోల్ ద వివీ అను ఫ్రెంచివాడు. ఆయన 1887లో సైకిలు యాత్రికులకై పత్రికను స్థాపించి, 1930లో మరణించువరకు గేర్ల పక్షమున వాదించుచునే యుండెను. టూర్ ద ఫ్రాన్స్ పందెము నడుపువారు మాత్రము 1937 వరకు గేరు మార్చు యంత్రమును అనుమతింపలేదు. కష్టపడి తొక్కుటయే ఘనత యని వారి అభిప్రాయము! పొట్టకూటికై బరువులు మోసెడివాడు అట్లనడు.

సాన్ సీర్ లపోపీ చుట్టు తిరుగు ఒక దారిని చెప్పెదను. ఊరినుండి దిగి బూజియెస్ వద్దకు వచ్చినచో, కొండ పాదమున బండను తొలిచి చేసిన కాలిబాట కనబడును. 1840 ప్రాంతముల దానిని తొలిచిరి. ఎగువకు పోవు పడవలను త్రాళ్లతో లాగుటకై ఆ బాట అవసరమయ్యెను. రైలు వచ్చిన పిమ్మట పడవల రవాణా చచ్చెను, 1980లో ఆ లోయలో ప్రయాణీకుల రైలు కూడ ఆగెను. ఆ బాట ఇప్పుడు నడచువారిది; సైకిలుతో వచ్చువాడు అచట దిగి నడిపించుకొనిపోవుట మర్యాద. ఆపైన సెలే అను ఉపనది లోయ వచ్చును. దాని వెంట నలుబది కిలోమీటర్లకు పైగా పోయినచో ఫిజాక్ పట్టణము చేరుదురు. ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియోన్ 1790లో జన్మించినది అచటనే. అచటనుండి కోస్ మీదుగా కజార్క్ గ్రామమునకు దిగి, తిరిగి లోట్ వెంట బయలుదేరిన చోటికి రావచ్చును. మొత్తము నూరు కిలోమీటర్లకు కొంచెము అటునిటు. కారుకు పూటపని, సైకిలుకు మూడు దినములు. గ్రామములకు కలుగు లాభమంతయు ఈ మూడు దినములలోనే ఉన్నది. కారులో వచ్చినవాడు పేరున్న ఊరిలో దిగి, ఫోటో తీసికొని, చీకటి పడకముందే పోవును. సైకిలువాడు రెండు రాత్రులు ఎచటనో పరుండవలెను, ఆరు పూటలు తినవలెను. అతడు ఆగు ఊళ్లకు పేరు ఉండనక్కరలేదు.

అతనికి కావలసినవి ఏవి? మొదటిది నీరు. సున్నపురాయి వాననీటిని మింగివేయును గనుక కోస్ పైన వాగులు గాని చెరువులు గాని అరుదు. వేసవిలో సీసా ఖాళీ అయినచో ప్రాణసంకటమే. అనుభవము గల యాత్రికులు ఊరు రాగానే శ్మశానమునకు పోవుదురు! నవ్వవలదు. సమాధులపై పూలమొక్కలకు పోయుటకై ఫ్రెంచి గ్రామముల శ్మశానములలో సాధారణముగ కుళాయి ఉండును. త్రాగదగని నీరైనచోట ఆ మాట వ్రాసియుంచుట కలదు. ఒక చిన్న పలక వ్రాయించుటకు ఎంత ఖర్చగును?

రెండవది పడక. సెలే లోయ మధ్యయుగమునుండి స్పెయిన్‌లోని సంతియాగో క్షేత్రమునకు పోవు యాత్రికుల దారులలో ఒకటి. ఎస్పన్యాక్ గ్రామమున పాత సన్యాసినుల మఠము గదులలో నేడును బాటసారులు బస చేయుదురు. ఇదిగాక డేరా వేసికొనుటకు మైదానమును, స్నానపు గదులను స్వయముగా నడుపు చిన్న గ్రామ మండలులు ఫ్రాన్సులో చాల కలవు. మూడవది సైకిలుకు తాళము వేసి ఉంచు చోటు, గాలి కొట్టు పంపు, పంక్చరు వేసికొను సామగ్రి. గుర్తింపబడిన సైకిలు దారికి అయిదు కిలోమీటర్ల లోపల ఉండి ఈ వసతులు చూపిన బసలకు ఆ దేశమున ‘సైకిలుకు స్వాగతము’ అను అర్థము వచ్చు గుర్తునిత్తురు. లోట్ దిగువ లోయలో అట్టి దారి ఎగియోన్ నుండి కావోర్ వరకు సుమారు 160 కిలోమీటర్లున్నది.

ఈ పనులలో చాల భాగము గ్రామ మండలి నిర్ణయము మీదనే ఆధారపడును. ఫ్రాన్సులో సుమారు 35 వేల కమ్యూన్లు కలవు. నూరు మొదలు అయిదువందల లోపు జనాభా గల కమ్యూనుకు చట్టము నిర్ణయించిన సభ్యుల సంఖ్య 11; పదవీకాలము ఆరేండ్లు. సభ్యులు తమలో ఒకరిని మేయరుగా ఎన్నుకొందురు. ఇట్టి పదవిని పెద్దలు చిన్నచూపు చూడలేదు. జార్జి పొంపిదూ ప్రధానమంత్రిగా ఉన్న కాలముననే, 1965లో, కజార్క్ మండలికి సభ్యుడుగా ఎన్నికయ్యెను.

మండలి వద్దనుటకు కూడ నేర్వవలెను. సెలే లోయలో కాబ్రెరే అను చిన్న కమ్యూనులో పెష్ మెర్ల్ గుహ ఉన్నది. అందులోని చుక్కల గుఱ్ఱముల చిత్రములు సుమారు 29 వేల ఏండ్లనాటివి. 1922లో చిన్నవారు కొందరు లోనికి ప్రాకి కనుగొనిరి; 1926నుండి ప్రజలు చూచుచున్నారు. మనుష్యుల ఊపిరి, ఒంటివేడి చిత్రములకు హాని చేయును గనుక దినమునకు 700 మందిని మాత్రమే పోనిత్తురు. ఎనిమిదివందలవవాడు డబ్బు చేతబట్టుకొని నిలిచినను రేపు రమ్మందురు. ఆ గుహ సుమారు నూరేండ్లుగా తెరచియుండి కూడ చెడకుండుటకు అట్టి మాట తోడ్పడినది.

ఇండ్ల విషయమున అట్టి హద్దు పెట్టుట కష్టము. అందమైన ఊరిలో ఇల్లు కొనుటకు దూరపు నగరములవారు వత్తురు, ధర పెరుగును, ఆ ఊరి పిల్లలు కొనలేరు. అట్టి ఇండ్లు వేసవిలో నిండి, శీతకాలమున తలుపులు మూసికొనియుండును. సందర్శకుల రాబడిని చూచి సంతసించు సభ్యులు జనవరి మాసపు రాత్రి ఎన్ని కిటికీలలో దీపము వెలుగుచున్నదో కూడ లెక్కించుకొనవలెనని నా అభిప్రాయము. సైకిలు యాత్రికుడు ఈ బాధను తీర్చలేడు. అయితే అతడు వసంతమునను, శరత్తునను కూడ వచ్చును. మండు వేసవిలో కొండ ఎక్కుట అతనికే ఇష్టముండదు. కజార్క్ ప్రాంతమున గత ముప్పది ఏండ్లలో కుంకుమపువ్వు సేద్యమును మరల లేవనెత్తిరి. పూలు కోయునది అక్టోబరులో. అప్పటికి ఎండ తగ్గియుండును, కార్ల రద్దీ తగ్గియుండును. సంచిలో బరువు పట్టని సరకు గనుక, కొండ దాటవలసిన సైకిలువాడు కూడ ఒక చిన్న సీసా కొని పోవును.