శిక్షణకు చేరిన పిల్లలు, ఇంటివారి అలవాట్లు
(ఉగాది సభలో చదివిన ప్రసంగము)



సాఫ్ట్‌వేర్ శిక్షణను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినప్పుడు మాకు నవ్వు వచ్చినది. మేము పార్సెలు ఆఫీసులో గుమాస్తాగా పనిచేయుచున్నాము. మా చదువు మెట్రిక్‌తో ఆగినది. ఒక్క వరుస ప్రోగ్రాము వ్రాసి ఎరుగము. అయితే మా మేనకోడలు మా ఇంటనే ఉండి నాలుగు నెలలు ఆ శిక్షణ పొందినది. ఆ నాలుగు నెలలు శిక్షణ ఆమెకో మాకో తెలియకుండ గడచినవి. ఆ అధికారముతోనే మాట్లాడుచున్నాము.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో మన తాతలు ఈ ఖుర్దా రోడ్డుకు పనికి వచ్చి, ఇంట తెలుగు, బజారులో ఒడియా, ఆఫీసులో హిందీ మాట్లాడుకొనుచు స్థిరపడినారు. ఇప్పుడు మన పిల్లలు కోణార్క్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి హైదరాబాదులో అమీర్‌పేటకు పోవుచున్నారు, కొందరు బెంగుళూరు పోవుచున్నారు, ఇంకను కొందరు క్వార్టర్సులోనే తెర ముందు కూర్చుండి నేర్చుకొనుచున్నారు. వీరికై ప్రావిడెంటు ఫండులోనుండి డబ్బు తీసిన తండ్రులు ఈ సభలో ఉన్నారు. నడుమనే తిరిగివచ్చిన పిల్లలును ఉన్నారు. వారికి తెలివి తక్కువైనదని ఎవ్వరును అనవలదు. మెట్రిక్‌లో మాకంటె ఎన్నో మార్కులు హెచ్చుగా తెచ్చుకొన్నవారే.

మరి చిక్కు ఎక్కడ? ఈ శిక్షణ మూడు నాలుగు నెలలు, రోజుకు ఎనిమిది పది గంటలు సాగును. ఈ ఉదయము చెప్పినదానిపైననే రేపటి పాఠము నిలుచును. మన ఉద్యోగములో అందరికి తెలిసిన సంగతి ఒకటి గలదు. ఆలస్యమైన బండిని లూపులో నిలిపి, వేళకు వచ్చు బండ్లకు దారి ఇత్తురు. అందుచేత అరగంట ఆలస్యము గంటన్నర యగును. రెండు దినములు వెనుకబడిన పిల్లవాని గతియు ఇంతే. కాలేజీలో వలె పరీక్ష ముందు రాత్రి మేలుకొని సరిపెట్టుకొందమన్న అలవాటు ఇక్కడ పనికిరాదు. 1885లో ఎబ్బింగ్‌హాస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అర్థములేని అక్షరపు ముక్కలను తానే వల్లించి పరీక్షించుకొని, నేర్చినదానిలో అధిక భాగము మొదటి దినముననే జారిపోవుననియు, ఎడమిచ్చి మరల మరల చదివినచో నిలుచుననియు ప్రకటించెను.

చూచుట వేరు, చేయుట వేరు. తెరమీద గురువుగారు టకటక వ్రాయుచుండగా మనకును వచ్చినట్లే ఉండును. మా మేనకోడలు మొదటి మూడు వారములు అట్లే మోసపోయినది. తరువాత పాఠము మూసి, కాగితము చూడకుండ, తన చేతితో మొదటినుండి వ్రాయుట అలవాటు చేసుకొన్నది. బజారులో మన ఒడియా తప్పైనను దుకాణదారుడు నవ్వి సరకిచ్చును. యంత్రము నవ్వదు. పైథాన్ అను భాషలో వరుస మొదట విడువవలసిన ఖాళీ తప్పినను పని ఆగిపోవును. అట్టి తప్పులకు ఆమె ఒక నోటుబుక్కు పెట్టినది. మన రిజిస్టరువలె తేదీ, తప్పు, కారణము, దిద్దిన విధము. ఇది కొత్త పద్ధతి కాదు. 1947లో హార్వర్డులో మార్క్ 2 అను గణనయంత్రపు రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కగా, పనివారు దానిని తీసి లాగ్‌బుక్కులోనే అతికించి వ్రాసిపెట్టినారు.

ఇక అడుగుట. మన పిల్లలకు గురువు ఎదుట నోరు మెదపకుండుటయే వినయమని మనమే నేర్పినాము. అరగంట తానే ప్రయత్నించి, అప్పటికిని తెగకున్న వెంటనే అడుగవలెనని ఆమె నియమము పెట్టుకొన్నది. ఆ మొదటి ప్రశ్న అడుగుటకు ఆమెకు పది దినములు పట్టినది.

నిద్రను గురించి శాస్త్రజ్ఞులు చెప్పకముందే రాత్రి డ్యూటీ మనకు చెప్పినది. వారమునకొక వేళ మారిన శరీరము ఏ వేళకును నిలువదు. పగలు నేర్చినది నిద్రలోనే కుదురుకొనునని ఇప్పుడు వారును చెప్పుచున్నారు. పదకొండు గంటలకు సెల్‌ఫోను మా తలగడ క్రింద, అమ్మాయి పడక వేరు గదిలో. ఈ ఏర్పాటుకు మొదట అలిగినది.

ఇంతవరకు పిల్లల మాట. అసలు చెప్పదలచినది ఇప్పుడు చెప్పెదము. ఇంటివారు మారకుండ పిల్లలు ఒక్కరే మారలేరు. మాది రెండు గదుల క్వార్టరు. మొదటి నెలలో అమ్మాయి తెర ముందు కూర్చున్నదనగానే, ఇంట్లోనే ఉన్నది గదా అని కుళాయి వచ్చినప్పుడు బిందెకు ఒకరు, టీకి ఒకరు, బజారుకు ఒకరు పిలిచెడివారము. మగపిల్లవాడైనచో ఇన్నిమార్లు పిలిచెడివారమా అని మా అమ్మగారే ఒకనాడు అడిగినారు. ఆమె ఏ బడికి పోయినవారు కారు. ఆనాటినుండి తలుపునకు ఎర్ర గుడ్డ కట్టుట మొదలైనది. గుడ్డ ఉన్నంతసేపు హోమ్ సిగ్నలు ఎర్రగా ఉన్నట్లే, ఎవ్వరును లోపలికి పోరాదు. నీళ్లు మేము పట్టితిమి. సీరియలు శబ్దము తగ్గినది. దగ్గరి బంధువుల పెండ్లికి ఆమెను విడిచి వెళ్లితిమి. అక్కడ పడిన మాటలు మేమే పడితిమి. ఉద్యోగమెప్పుడని రోజును అడుగుట మాని, ఈనాడు ఏమి చెప్పినారని అడుగుచుంటిమి. ఆమె చెప్పినదానిలో మాకు సగము అర్థము కాలేదు. అయినను మాకు చెప్పవలెనని ఆమె మరల ఒకసారి నెమరువేసికొన్నది గదా.

రుసుము కట్టుటకు ముందు, అక్కడ నేర్చి పనిలో కుదిరినవారిని ఇద్దరు ముగ్గురిని కలిసి విచారించుడు. ఉద్యోగము ఖాయమను ప్రకటనలు గోడలమీద చాలగలవు.

అందరి ఇండ్లలో ఎర్ర గుడ్డ కట్టుటకు వేరు గది ఉండదు. మన సంఘపు హాలు సాయంకాలము ఆరునుండి తొమ్మిదివరకు పేకాటకు తప్ప వేరు పనికి వచ్చుట లేదు. ఆ మూడు గంటలు నాలుగు బల్లలు, ఇంటర్నెట్టు కనెక్షను ఏర్పరచి, శిక్షణలో ఉన్న పిల్లలకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, విడిచిపెట్టవలెనని కార్యవర్గమువారికి మనవి. పేక ఆడువారు వరండాలోనికి జరుగుటకు ఒప్పుకొన్నారు. వారిలో మేమును ఉన్నాము. వరండాకు ఒక ఫ్యాను మాత్రము బిగించి ఇయ్యవలెనని వారి కోరిక.