ఆమవాతము – గుండెపోటు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



తెల్లవారుజామున ఏ ఇంటనో ఒక ఇల్లాలు లేచి కవ్వము పట్టబోవును. వ్రేళ్లు ముడుచుకొనవు, ముడుచుకొన్నచో విప్పుకొనవు. రెండు మణికట్టులును వాచియుండును. ప్రొద్దెక్కినకొలది పట్టు కొంత సడలును. ఇంటివారు “కీళ్లవాతము, దానంతటదే పోవును” అని ఊరకుందురు. ఆమెయు ఊరకుండును. ఆ ఊరకుండుటయందే అపాయము గలదు. ఏలయన ఈ వ్యాధి వ్రేళ్లయందు కనబడునే కాని వ్రేళ్లతో ఆగదు. దీని దెబ్బ గుండెవరకును పోవును.

దీనిని నేటి వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అందురు. వార్ధక్యమున మోకాళ్లు అరిగి వచ్చు నొప్పి వేరు, ఇది వేరు. ఇది నడివయసువారికిని, యువతులకును రావచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగా వచ్చును.

ఆయుర్వేదమున దీనితో మిక్కిలి పోలిక గల వ్యాధికి ఆమవాతమని పేరు. చరక సుశ్రుతుల తరువాతివాడైన మాధవకరుడు తన నిదానగ్రంథమున దీనికొక ప్రత్యేకాధ్యాయమును కేటాయించెను. జీర్ణముగాని ఆమము వాతముతో కూడి సంధులను చేరునని ఆయన సిద్ధాంతము. నేటి శాస్త్రము కారణమును వేరుగా చెప్పును. ఐనను, వ్యాధి ముదిరినప్పటి లక్షణములలో హృద్గ్రహమును, అనగా గుండె పట్టివేసినట్లుండుటను, ఆయన చేర్చుట గమనింపదగినది. ఆ మాటలో నేటి గుండెపోటును వెదకుట సాహసమే యగును. కాని ఆ వైద్యుని చూపు కీళ్లవద్దనే నిలిచిపోలేదు.

పాశ్చాత్యులలో 1800లో పారిస్ నగరమున లాంద్రె-బోవే అను యువవైద్యుడు దీనిని వర్ణించెను. 1859లో ఇంగ్లండు వైద్యుడు గారాడ్ దీనికి నేటి పేరు పెట్టెను. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలయందు హెంచ్ అను వైద్యుడు కార్టిజోన్ అను మందును ఒక స్త్రీకి ఇవ్వగా, నడువజాలని ఆమె కొద్దిదినములలోనే లేచి నడచెను. లోకము అబ్బురపడెను, 1950లో ఆయనకును, కెండల్, రైక్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులకును నోబెల్ బహుమానము లభించెను. కాని చిరకాలము పెద్ద మోతాదులలో వాడినచో ఆ మందే కీడు చేయునని త్వరలోనే తేలెను.

ఇక గుండెకును కీళ్లకును గల సంబంధమెట్టిది? దేహమునకు కావలి కాయవలసిన రక్షణశక్తియే దారి తప్పి స్వంత కీళ్లలోపలి పొరపై పడును. కంచె చేను మేసినట్లన్నమాట. అందుచే పుట్టిన తాపము ఒక్క కీలులో అణగియుండదు. రక్తముతో కలిసి సర్వాంగములకును పోవును. గుండెకు రక్తమందించు నాళముల గోడలు ఆ తాపముచే చెడి, వానియందు క్రొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ పేరుకొన్నది చిట్లి, అచ్చట రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. అదియే గుండెపోటు.

అమెరికాలో లక్షకు పైగా నర్సులను అనేక సంవత్సరములు పరిశీలించి, 2003లో ఫలితములు ప్రకటించిరి. ఈ వ్యాధి గల స్త్రీలకు గుండెపోటు భయము లేనివారికంటె రెట్టింపు. పదేండ్లు పైబడి వ్యాధి యున్నవారికి సుమారు మూడు రెట్లు. అనగా ప్రతి రోగికిని గుండెపోటు వచ్చునని కాదు. జాగ్రత్త అంత హెచ్చుగా ఉండవలెనని మాత్రమే. ఐరోపాలోని కీళ్లవైద్యుల సమాజము సాధారణముగా కట్టిన గుండెజబ్బు అంచనాను ఈ రోగుల విషయమున ఒకటిన్నరచే గుణింపుమని చెప్పుచున్నది.

ఇందులో మోసపుచ్చు పద్దులు రెండు గలవు. వ్యాధి ముమ్మరముగా నున్నప్పుడు రక్తములోని కొలెస్టరాల్ తగ్గి కనబడవచ్చును. ఆ అంకెను చూచి నిశ్చింతగా నుండరాదు. రెండవది, వీరిలో కొందరికి రొమ్మునొప్పి తెలియకయే గుండెపోటు వచ్చిపోవును. కీళ్లబాధకు అలవాటుపడినవారు, తక్కిన బాధను కూడ అందులోనే జమకట్టుదురు.

కర్తవ్యమేమి? వాపు ఆరు వారములు దాటకముందే కీళ్లవైద్యుని చూపించుట ప్రథమము. తాపము అణగినచో కీళ్లును నిలుచును, గుండెకును మేలగును. మెథోట్రెక్సేట్ అను మందు ఇందుకు ముఖ్యమైనది. దీనిని వారమునకొక్కదినము మాత్రమే పుచ్చుకొనవలెను. పొరపాటున దినదినమును మ్రింగినచో ప్రాణాంతకము. నడుమ నడుమ రక్తపరీక్షయు చేయించవలెను. గర్భిణులకు ఇది తగదు.

అంగడిలో అడిగి తెచ్చుకొను నొప్పి బిళ్లలు బాధను అణచునే కాని వ్యాధిని అణచవు. వానిలో పెక్కు గుండెకు చేటు. రోఫెకాక్సిబ్ అను బిళ్లను 2004లో ఆ కారణముచేతనే లోకమంతట ఉపసంహరించిరి. ఒక్క సూదితో నొప్పి మాయముచేయు స్టెరాయిడ్ మందు, వైద్యుని లెక్కలో ఉన్నంతవరకే మిత్రము. లెక్క తప్పి వాడినచో అప్పు తీర్చుటకు వడ్డీకి మరల అప్పు తెచ్చినట్లు, రక్తపుపోటును, మధుమేహమును తెచ్చిపెట్టును. ఐనను వాడుచున్నదానిని తటాలున మానరాదు.

రక్తపుపోటు, చక్కెర, క్రొవ్వు పరీక్షించుకొనుచుండవలెను. చుట్టయు, బీడీయు ఈ వ్యాధికిని గుండెజబ్బునకును ఉమ్మడి శత్రువులు, మానవలెను. నొప్పి తగ్గిన వేళలో నడక మంచిది. రొమ్ము బిగియుట, ఎడమచేతికిగాని దవడకుగాని నొప్పి ప్రాకుట, చెమట, ఆయాసము, కారణము తెలియని నీరసము కలిగినచో, వాయువని జీలకర్రకషాయము కాచుచు కూర్చుండక, 108కి కబురు చేయవలెను.

సోదరులారా! ఇంటిల్లిపాదికిని వడ్డించి చివర భుజించు ఇల్లాలు తన నొప్పిని గూర్చి కూడ చివరనే చెప్పును. ఆమె చెప్పువరకు వేచియుండుట ధర్మము కాదు. ఉదయమున ఆమె కవ్వము పట్టలేకపోయిన సంగతి ఇంటనున్నవారికి కనబడుచునే యున్నది. చూచినవారు అడుగవలెను, అడిగినవారు ఆలస్యము చేయక వైద్యునికడకు తోడు పోవలెను. చేతులు వాచిననాడే గుండెను తలచుకొన్న ఇంట ఆ ఇల్లాలు చిరకాలము సుఖముగా వర్ధిల్లునుగాక!