అవకలజం గుర్తు, దాని ప్రమాణాలు



బస్తర్‌లోని ఆవపల్లి నుంచి బాసగూడ వైపు వెళితే తాలిపేరు నది ఎదురవుతుంది. ఆ నీరే దిగువన, తెలంగాణలోని చర్ల దగ్గర తాలిపేరు జలాశయంలో చేరి, అక్కడి నుంచి గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో ఇలాంటి జలాశయాల వార్తల్లో రెండు మాటలు వింటాం: నిల్వ ఇన్ని టీఎంసీలు, వరద ఇన్ని క్యూసెక్కులు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు.

నిల్వను 'వీ' అనీ, కాలాన్ని 'టీ' అనీ అనుకుందాం. నిల్వ మారే రేటును 'డీవీ బై డీటీ' అని రాస్తాం. 'డీ' అనేది వీని గుణించే సంఖ్య కాదు. కాబట్టి లవంలో, హారంలో దాన్ని కొట్టివేయకూడదు. కానీ ప్రమాణాల విషయంలో ఈ గుర్తు నిజంగా భాగహారంలాగే నడుస్తుంది: పైన ఘనపుటడుగులు, కింద సెకన్లు. న్యూటన్ పెట్టిన చుక్క గుర్తులో ఈ సంగతి కనిపించదు. లైబ్నిట్జ్ 1684లో ప్రచురించిన 'డీ' గుర్తుకున్న సౌలభ్యం ఇదే.

ఇప్పుడు అవకలన సమీకరణం రాద్దాం: డీవీ బై డీటీ = వచ్చే నీరు − పోయే నీరు. ఉదాహరణకు 20,000 క్యూసెక్కులు వస్తున్నాయి, 8,000 పోతున్నాయి అనుకోండి. తేడా 12,000. గంటలో ఎంత నిల్వ పెరుగుతుంది? చాలామంది 12,000ను ఒకటితో గుణిస్తారు. అది తప్పు. గంటను 3,600 సెకన్లుగా తీసుకోవాలి. జవాబు 4 కోట్ల 32 లక్షల ఘనపుటడుగులు. గేట్లు ఎత్తేవారు ఈ పొరపాటు చేస్తే దిగువ ఊళ్లు ఏమవుతాయో ఆలోచించండి.

చెరువులో నీరు, ఉన్న నీటికి అనుపాతంలో ఇంకిపోతోంది అనుకుంటే: డీవీ బై డీటీ = −కే × వీ. ఎడమవైపు రోజుకు ఘనపుటడుగులు. కుడివైపు వీ ఘనపుటడుగులు. అందుకే స్థిరాంకం కే ప్రమాణం 'రోజుకు' అని తేలుతుంది. కాలాన్ని గంటల్లో కొలిస్తే, కే విలువను 24తో భాగించాలి.

రెండో అవకలజం 'డీ స్క్వేర్ వీ బై డీటీ స్క్వేర్'. ఇక్కడ పైనున్న వర్గం వీకి చెందదు; రెండుసార్లు అవకలనం చేశామని చెబుతుంది. కింద డీటీ మొత్తానికీ వర్గం. కాబట్టి ప్రమాణం ఘనపుటడుగులు బై సెకన్ల వర్గం.

సమీకరణం రాయగానే రెండు వైపులా ప్రమాణాలు సరిచూడండి. అవి కలవకపోతే సాధన మొదలుపెట్టకండి.

ఒక అభ్యాసం: లక్ష క్యూసెక్కుల వరద ఒక రోజంతా వస్తే ఎన్ని టీఎంసీలు? మీకు 8.64 రావాలి. సెలవు.