వరుస, గొలుసు, పరంపర
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ల ఉత్సవం అనగానే ఒకదాని వెంట ఒకటిగా సాగివచ్చిన సంవత్సరాలు, తరగతులు, తరాలు మనసులో మెదలుతాయి. ఇలా కలిసి నడిచే వాటికి మన భాషలో పేర్లు ఎన్నో ఉన్నాయి: వరుస, బారు, శ్రేణి, పంక్తి, మాల, దొంతర, గొలుసు, పరంపర. వీటిని పర్యాయపదాలంటారు. అయినా ఒకచోట ఇమిడిన మాట మరొకచోట ఇమడదు. మన పాఠశాల చరిత్రకు వీటిలో ఏది తగునో విచారించడమే ఈనాటి నా ప్రసంగ విషయం.

పర్యాయపదాలను కూర్చే సంప్రదాయం మనకు ప్రాచీనమైనది. సంస్కృతంలో అమరసింహుని అమరకోశం, తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, అడిదం సూరకవి ఆంధ్రనామశేషం అందరూ ఎరిగినవే. అమరకోశంలో శ్రేణి, ఆవళి, పంక్తి, రాజి మొదలైన మాటలు వనౌషధి వర్గంలో, చెట్ల ప్రస్తావన నడుమ కనిపిస్తాయి. వరుస అంటే ఏమిటో తెలియాలంటే తోపులోకి వెళ్లి చూడమన్నట్లున్నది ఆ కూర్పు.

కన్నడనాట నివసించే మనకు ఇది మరింత చక్కగా బోధపడుతుంది. కన్నడంలో వరుసను ‘సాలు’ అంటారు. హులికల్, కుదూరు గ్రామాల మధ్య దారి పొడుగునా మర్రిమొక్కలు నాటి, నీళ్లు మోసి పెంచిన తిమ్మక్కకు ‘సాలుమరద తిమ్మక్క’ అన్న పేరు అందువల్లనే వచ్చింది. 2019లో ఆమెను పద్మశ్రీ వరించింది. మన రైతు నోటి నాగటిచాలు, చేనిలోని సాళ్లు ఆ మాటకు చుట్టాలే. ‘సరణి’ సంగతి వేరు. కన్నడ పత్రికలలో అది వరుసగా జరిగే పోటీలకు పేరు; తెలుగులో మార్గం, పద్ధతి అని అర్థం. ఈ రెండూ ఎరిగిన పిల్లవానికి కలిగేది లాభమే గాని నష్టం కాదు.

ఇక భేదాలు చూద్దాం. బస్సు కోసం బారులు తీరిన జనానికి ఒకరితో ఒకరికి సంబంధం అక్కరలేదు. దొంతరలో అడుగు కుండ కదిలితే పైవన్నీ దొర్లుతాయి. మాలలో దారం కనబడదు. తెగిన నాడే దాని విలువ తెలుస్తుంది. పంక్తికి వికృతి బంతి; బంతిలో కూర్చున్న తరువాత పెద్దా చిన్నా తేడా లేదు. వరుస అనే మాటకైతే తెలుగువారు బంధుత్వాన్నే అంటగట్టారు. “మీరు మాకేమి వరుస అవుతారు?” అని అడగడం మన అలవాటు.

గొలుసు సంగతి పీణ్య వాసులకు నేను చెప్పనక్కరలేదు. ఒక షెడ్డులో లేత్ మీద తిరిగిన ముక్క, గ్రైండింగుకు మరొక షెడ్డుకు, ప్లేటింగుకు ఇంకొక షెడ్డుకు వెళుతుంది. మొదటివాడు కొలత తప్పితే చివరివాని పని ఆగుతుంది. అక్కడ ఎవరి పనీ తనది మాత్రమే కాదు.

అయితే నాకు నచ్చిన గొలుసు ఇనుపది కాదు, నీటిది. కాకతీయుల కాలంనాటి గొలుసుకట్టు చెరువులను తెలుగువారు మరువలేరు. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. బెంగళూరు చెరువులను కూడా రాజకాలువలు ఇలాగే కలిపేవి. నేడు ధర్మాంబుధి చెరువు ఉన్నచోట కెంపేగౌడ బస్‌స్టాండు, సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం ఉన్నాయి. నడుమ ఒక్క చెరువు పూడితే దిగువది ఎండుతుంది. పెద్దవాన పడితే ఆ నీరే దారి తెలియక ఇళ్లలోకి వస్తుంది.

భాష కూడా అటువంటిదే. తాత చదివాడు, తండ్రి మాట్లాడాడు, మనుమడు అర్థం చేసుకోగలడు, అంతే. ఈ క్రమంలో తరువాతి మెట్టు ఏమిటో ఆలోచిస్తే భయం కలుగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివితే ఉద్యోగం దొరుకుతుందా అని తల్లిదండ్రులు సందేహించడం తప్పు కాదు. ఈ రాష్ట్రంలో కన్నడం రావాలి, లోకంలో మెలగడానికి ఇంగ్లీషు రావాలి. వాటిని మానమని నేను అనను. ఇంట్లో రోజుకొక పుట తెలుగు, పిల్లవాడు పైకి చదవగా పెద్దలు వినాలని మాత్రమే కోరుతున్నాను. ఆ పావుగంట వల్ల ఏ చదువూ చెడదు.

పూర్వవిద్యార్థులకు ఒక మాట. నిండిన చెరువుకు అలుగు లేకపోతే కట్ట తెగుతుంది. ఈ బడిలో మీరు నింపుకున్నది దిగువకు పారనివ్వండి. నెలకొకసారి వచ్చి, ఒక తరగతిలో కూర్చుని, ఒక కథ చెప్పి వెళ్లండి.

కనుక మన చరిత్ర బారు కాదు, దొంతర కాదు. అది పరంపర. ముందువారు అందిస్తే వెనుకవారు అందుకోవడమే పరంపర. అందించే చేయి, అందుకునే చేయి రెండూ ఉన్నంతవరకే ఆ మాటకు అర్థం. ఆ అర్థాన్ని నిలిపే భారం ఇప్పుడు మన వంతు.