గాజుతొట్టెలో రొయ్యలు – నేను ఆలస్యంగా నేర్చిన పాఠం
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఫిల్మ్ నగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నానని తెలియగానే మిత్రులు అడిగే మొదటి మాట, "తారలెవరైనా కనిపిస్తారా?" అని. తారల సంగతేమో గాని, మా హాల్లో నాకు రోజూ దర్శనమిచ్చేవి ఎర్ర రొయ్యలు. చెర్రీ రొయ్యలంటారు. అంగుళం పొడవుండే మంచినీటి జాతి. మా మనవరాలు తొమ్మిదో తరగతిలో ఉండగా నలభై లీటర్ల గాజుతొట్టెలో నాచు, మొక్కలు పెంచి, ముప్పై రొయ్యల్ని వదిలింది.

నేను మత్స్యశాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. 1994లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి కోస్తాలో టైగర్ రొయ్య చెరువులు తుడిచిపెట్టుకుపోతుంటే గట్ల మీద రైతుల పక్కన నిలబడ్డవాణ్ణి. అటువంటి నాకు ఈ గాజుతొట్టె ఒక లెక్కా అనుకున్నాను.

వేసవి సెలవులకు అమ్మాయి అమ్మమ్మగారి ఊరు వెళ్తూ తొట్టె నాకప్పగించింది. "తాతయ్యా, మొక్కల ఎరువు వారానికి రెండు చుక్కలే" అని మరీ మరీ చెప్పింది. పది రోజులకు సీసా అయిపోయింది. ఆకులు పసుపెక్కాయి. డాబా మీద పూలకుండీలకు తెచ్చిన యూరియా ఉంది కదా అని ఒక చిటికెడు వేశాను. చెరువుల్లో నీటికి రంగు రావడానికి బస్తాల కొద్దీ వేయించిన చెయ్యి! మూడోనాడు తెల్లవారేసరికి రొయ్యలు తొట్టెంతా పిచ్చిగా ఈదుతున్నాయి. సాయంత్రానికి ఇరవై రెండు పోయాయి.

ఆ రాత్రి కాగితం, కలం తీసుకుని లెక్క కట్టాను. ఎకరం చెరువులో మీటరు లోతు నీరుంటే సుమారు నలభై లక్షల లీటర్లు. పది కిలోల యూరియా వేస్తే లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు. నా చిటికెడు అర గ్రాము అనుకున్నా, నలభై లీటర్లలో లీటరుకు పన్నెండున్నర! చెరువు మోతాదుకు అయిదు రెట్లు. పైగా యూరియా నీటిలో అమ్మోనియాగా మారుతుంది. చెరువులో ఎండ, గాలి, పచ్చటి నీరు దాన్ని కొంత పీల్చుకుంటాయి. తొట్టెలో ఆ దిక్కు లేదు. అందులోనూ మాది బోరు నీరు, క్షారగుణం ఎక్కువ. అటువంటి నీటిలో అమ్మోనియా మరింత విషం.

అయితే ఎరువు వేస్తే రొయ్యలు బతకవా? బతుకుతాయి. తొట్టెల కోసం అమ్మే ఎరువులో నత్రజని సాధారణంగా నైట్రేట్ రూపంలో ఉంటుంది. సీసా మీది మోతాదులో సగంతో మొదలుపెట్టి, రెండు వారాలు గమనించి, అవసరమైతేనే పెంచాలి. వారానికోసారి పదోవంతు నీరు మార్చితే మిగిలిన ఎరువు పేరుకోదు. కుళాయి నీరైతే బకెట్టులో ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. కొత్త నీరు సన్నటి ధారగా పోయాలి. నీటి గుణం హఠాత్తుగా మారితే రొయ్య అకాలంలో కుబుసం విడిచి చచ్చిపోతుంది. విడిచిన కుబుసాన్ని తీసెయ్యకండి, అవే తిని సున్నం తిరిగి పొందుతాయి.

రాగి విషయంలో మరీ జాగ్రత్త. రొయ్య నెత్తురులో ప్రాణవాయువును మోసేది రాగితో కూడిన పదార్థమే. అయినా నీటిలో రాగి కాస్త ఎక్కువైతే ప్రాణాంతకం. మొక్కల ఎరువులో ఉండే లేశమాత్రం రాగి ఫరవాలేదు. చేపల జబ్బుకిచ్చే రాగి మందులు, పాచి పోగొట్టే మైలుతుత్తం మాత్రం తొట్టె దరికి రానివ్వకూడదు. దోమల మందు ఆ గదిలో కొట్టకండి. పాలకూర వేస్తే బాగా కడిగి, ఉడికించి వెయ్యండి. మన హైదరాబాదు ఎండల్లో తొట్టె మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీరు పొయ్యాలి. బోరు నీరే పోస్తుంటే లవణాలు పేరుకుపోతాయి.

ఆ సాయంత్రం మూడోవంతు నీరు మార్చాను, మర్నాడు మళ్ళీ మార్చాను. ఎనిమిది దక్కాయి. అమ్మాయికి ఫోనులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. బజారు నుంచి కొత్తవి తెచ్చి వేసెయ్యమని మా అబ్బాయి సలహా ఇచ్చాడు. నా మనసొప్పలేదు. ఇల్లు చేరగానే నిజం చెప్పేశాను. పిల్ల ఏడ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు గీతల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "తాతయ్యా, ఇకమీద ఎంత వేశావో ఇందులో రాయి" అంది. సర్వీసంతా రిజిస్టర్లు రాయించినవాణ్ణి, ఇంట్లో రాయనవసరం లేదనుకున్నాను!

రెండు నెలలకు ఒక ఆడ రొయ్య పొట్ట కింద గుడ్లు కనిపించాయి. ముందు చూసింది నేనే. కేకేసి పిలిచాను. పరుగున వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం చాలాసేపు చూశాం.

మిత్రులారా, అనుభవం మంచిదే, కాని చెరువు అనుభవం తొట్టెకు చాలదు. తెలియనిచోట చిన్నపిల్లలనైనా అడగడం నామోషీ కాదు. ఆ పుస్తకం ఇప్పటికీ రాస్తున్నాను.