పన్నెండో తరగతి తర్వాత ఏ బస్సు?

(మహాసభల్లో తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా గురించి మాట్లాడమంటే, "సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నాకేం తెలుసండీ?" అన్నాను. "పోనీ మీ అమ్మాయి గురించి చెప్పండి" అన్నారు నిర్వాహకులు. మా ఇంట్లో ఆ రెండూ ఒకే కథ కాబట్టి ఒప్పుకున్నాను. అమ్మాయి అనుమతి తీసుకునే వచ్చాను, కంగారుపడకండి.

నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, 2003లో ఉద్యోగానికి బహ్రెయిన్ వచ్చాను. అమ్మాయి మనామాలోనే పుట్టింది. అయితే అక్కడ పుట్టినంత మాత్రాన మన పిల్లలకి ఆ దేశపు పౌరసత్వం రాదు. వాళ్ళ వీసా మన ఉద్యోగం మీద నిలబడి ఉంటుంది. అందుకే పన్నెండో తరగతి అవగానే చాలామంది పిల్లలు పెట్టె సర్దుకుని విమానం ఎక్కుతారు.

2024 మే నెలలో మా అమ్మాయి సీబీఎస్‌ఈ పన్నెండు పాసయింది. ఫలితాలు రాకముందే నేను ఎక్సెల్ షీటు తయారుచేసి పెట్టాను. హైదరాబాద్ కాలేజీలు, ఎన్నారై కోటా ఫీజులు, హాస్టళ్ళు, క్యాంపస్ ఉద్యోగాలు, అన్నిటికీ కాలమ్‌లు. అమ్మాయి మొత్తం చూసి, "నాన్నా, ఇందులో నా కాలమ్ ఏదీ?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజుల్లో తనకి అన్నీ వెటకారమే. ఉగాది కార్యక్రమానికి తీసుకెళ్తే, "అంకుల్స్ అందరూ ఒకటే వెర్షన్" అనేది. నలుగురిలో పరువు పోతోందని కసిరేవాణ్ణి.

ఒక రాత్రి తన గదిలోంచి రఫీ పాట వినిపించింది. 1965 నాటి 'గుమ్‌నామ్'లో క్లబ్బు పాట. ఈ పిల్లకి రఫీ ఏమిటని తలుపు తోసి చూస్తే, అది ఒక అమెరికన్ సినిమా మొదటి సీను! కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి ఒక్కత్తీ టీవీలో ఆ పాట చూస్తూ ఎగురుతోంది. సినిమా పేరు 'ఘోస్ట్ వరల్డ్', 2001లో వచ్చింది. డేనియల్ క్లౌస్ బొమ్మల కథ ఆధారంగా టెర్రీ జ్విగాఫ్ తీశాడు. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. నేనూ కూర్చున్నాను.

ఈనిడ్ అనే అమ్మాయి హైస్కూల్ అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక తిరుగుతుంటుంది. అందరినీ ఎగతాళి చేస్తుంది. స్నేహితురాలు రెబెకా ఉద్యోగం చూసుకుని తన దారిన తను పడుతుంది. ఈనిడ్ సినిమాహాల్లో ఉద్యోగంలో చేరి ఆ రోజే పోగొట్టుకుంటుంది. పాత గ్రామఫోను రికార్డులు పోగుచేసే సేమూర్ అనే ఒంటరి మనిషిని ఆటపట్టించబోయి, చివరికి అతనితోనే స్నేహం చేస్తుంది. అదీ చెడుతుంది.

నేను చూసింది మాత్రం ఆ పిల్ల తండ్రిని. మంచివాడు. అరవడు, కొట్టడు. కూతుర్ని కూర్చోబెట్టి అడగడు కూడా. అతను తెరమీదకి వచ్చినప్పుడల్లా నేను కుర్చీలో కదిలాను.

మనకీ ఇలాంటి సినిమా ఉంది కదా అంటారేమో. 2016లో వచ్చిన 'పెళ్ళిచూపులు'లో ప్రశాంత్ ఇంజనీరింగ్ ఈడ్చి ఈడ్చి పూర్తిచేసి వంట చేస్తానంటాడు. మనం నవ్వాం, చప్పట్లు కొట్టాం. అతనికి రెండు గంటల్లో దారీ దొరికింది, పిల్లా దొరికింది. ఈనిడ్‌కి ఏమీ దొరకదు. అలాంటి పిల్ల మన ఇంట్లో ఉంటే చప్పట్లు కొడతామా?

సినిమా అయ్యాక అడిగాను, "హైదరాబాద్ అంటే నీకెందుకమ్మా అంత కోపం?"

"కోపం కాదు నాన్నా. అందరికీ 'ఇండియాకి తిరిగి పంపిస్తున్నాం' అని చెప్తున్నావు. నేనెప్పుడు అక్కడున్నాను, తిరిగి వెళ్ళడానికి?"

జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ 'ఇండియన్', అక్కడ 'బహ్రెయిన్ పిల్ల'. రెంటికీ చెడ్డ రేవడి అని మనం నవ్వుతూ అనేస్తాం. అనిపించుకునేవాళ్ళకి నవ్వు రాదు.

సీటుకి డబ్బు కట్టలేదు. ఏడాది గడువిచ్చాను. రాత్రి భోజనం మాత్రం అందరం కలిసి చెయ్యాలని ఒక్క షరతు పెట్టాను. నిజం చెప్తున్నాను, మొదటి మూడు నెలలూ పిల్ల పడుకునే ఉంది. తప్పు చేశానని నాకు నిద్రపట్టలేదు. బంధువుల ఫోన్లు సరేసరి. తర్వాత తనే, "నానమ్మ దగ్గరికి వెళ్తాను" అంది. కాకినాడలో రెండు నెలలుంది. "తిరిగి రావడం కాదు, మొదటిసారి రావడం" అని మెసేజ్ పెట్టింది. 2025లో తనే వెతుక్కుని డిజైన్ కోర్సులో చేరింది. ఇది విజయగాథ కాదు. రేపు మానేస్తానన్నా అనొచ్చు.

అందరూ ఏడాది ఆగలేరు. ఉద్యోగం పోతే వీసా పోతుందన్న భయం నాకూ తెలుసు. నేను చెప్పేది ఒకటే: షీటు తయారుచెయ్యడానికి ముందు పిల్లని అడగండి. వెటకారంగా జవాబిస్తే, ఆ వెటకారం కూడా వినండి. మా అమ్మాయి నాతో నిజం మాట్లాడింది ఆ భాషలోనే.

సినిమా చివర్లో ఈనిడ్ ఒక బస్సు ఎక్కుతుంది. ఆ బస్సు ఎప్పుడో రద్దయిందని అంతకుముందు తనే అంటుంది. అది ఎక్కడికి పోతుందో సినిమా చెప్పదు. "తనేమైంది?" అని మా అమ్మాయిని అడిగాను. "తెలీదు నాన్నా. కానీ సాగనంపడానికి ఒక్కళ్ళూ రాలేదు చూశావా?" అంది.

2025లో మా పిల్ల కాలేజీకి బయల్దేరినప్పుడు ఆఫీసుకి సెలవు పెట్టి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. అద్దం అవతల కనిపించినంతసేపూ నిలబడ్డాను.

భోజనాల వేళయింది. పిల్లలు పక్క హాల్లో ఉన్నారు. ఇవాళ వాళ్ళ పక్కన కూర్చుని తినండి.